సైజు అంగడిది, కొలత మనది

రంజాన్ చివరి పది రోజుల్లో హైదరాబాద్ పత్తర్‌గట్టీ నుంచి చార్మినార్ దాకా ఒక్కసారి నడిచినవారికి ఆ సందడిని వేరే వర్ణించనక్కరలేదు. తరావీహ్ ముగిశాక ఊపందుకున్న బేరాలు సహెరీ వేళ దాకా సాగుతూనే ఉంటాయి. బండిపై గుట్టగా పోసిన కుర్తీలు, ఏది తీసుకున్నా ఒకటే ధర అన్న కేకలు, వెనుక నుంచి నెట్టుకొచ్చే జనం. అక్కడ తొడిగి చూసుకునే గది ఉండదు, అద్దం ఉండదు. మెడ దగ్గర కుట్టిన చిన్న చీటీపై ఉన్న అక్షరాన్ని నమ్మి కొనవలసిందే.

ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పండుగ ఉదయం తేలుతుంది. క్రిందటి ఈద్ నాడు మా ఇంట్లో అదే జరిగింది. ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురు ఎప్పుడూ ‘ఎమ్’ సైజే తొడుగుతుంది. కొత్త కుర్తీ కూడా ‘ఎమ్’ సైజే. అయినా అది భుజాల కిందికి దిగలేదు. అమ్మాయి పాత దుస్తులే వేసుకుని వచ్చి కూర్చుంది. షీర్ ఖుర్మా గిన్నెను పక్కకు జరిపి, “నాకు వద్దు ఖాలా, నేను లావైపోయాను” అంది. ఒక చీటీ ముక్క ఆ పిల్ల పండుగను లాగేసుకుంది.

మేము వాదించలేదు. టేపు తీసుకుని, ఆమె ఇష్టంగా తొడిగే పాత కుర్తీని, కొత్తదానిని మంచంపై పక్కపక్కన పరిచాం. చంక నుంచి చంక వరకు పాతది 19 అంగుళాలు ఉంది, కొత్తది పదిహేడున్నర. ముందు వెనుకలు కలిపితే ఒకటి 38, మరొకటి 35. రెండింటి మీదా ఉన్న అక్షరం ‘ఎమ్’. అమ్మాయి ఛాతీ కొలత 35. అంటే కొత్త కుర్తీలో ఊపిరి పీల్చుకునేందుకు కూడా చోటు లేదు. తప్పు అమ్మాయి ఒంటిలో లేదు, చీటీలో ఉంది. ఈ సంగతిని ప్రతి తల్లీ తన కూతురికి చెప్పవలసిన అవసరం ఉందని ఆ రోజు మాకు అనిపించింది.

అక్షరాల వెనుక కథ

దర్జీ కుట్టిన రోజుల్లో ‘సైజు’ అన్న మాటే మన ఇళ్లలో వినబడేది కాదు. ఎవరి కొలత వారిది. ఒంటి కొలత ఇవ్వడానికి మొహమాటపడే స్త్రీలు తమకు చక్కగా సరిపోయే కుర్తాను ‘నాప్’ కోసం దర్జీ దగ్గరికి పంపేవారు. రెడీమేడ్ దుస్తులు వచ్చాక లెక్క తలకిందులైంది. ముందు దుస్తులు తయారవుతున్నాయి, తర్వాత వాటికి సరిపోయే మనుషులను వెతుకుతున్నారు.

ఇలా అందరినీ నాలుగైదు సైజుల్లో ఇమిడ్చే ప్రయత్నం మన దేశంలోనే కాదు, ఎక్కడా సులువుగా సాగలేదు. అమెరికా వ్యవసాయ శాఖ 1939, 1940 సంవత్సరాలలో దాదాపు 15 వేల మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 59 చొప్పున కొలతలు తీయించి కొలిపించింది. 1941లో వెలువడిన ఆ నివేదికలో శ్వేతజాతి స్త్రీల కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ సమాచారం ఆధారంగా 1958లో స్త్రీల దుస్తులకు ఒక ప్రామాణిక పట్టిక వచ్చింది. 1970లో దానిని సవరించారు. 1983లో పూర్తిగా ఉపసంహరించారు. ఆ తర్వాత అక్కడ ఏ కంపెనీ సైజు దానిదే అయింది. కొనేవారిని సంతోషపెట్టడానికి పెద్ద కొలతకు చిన్న సంఖ్య వేయడం కూడా వ్యాపారంలో మామూలైపోయింది.

మన దేశానికి సొంత పట్టిక కోసం కేంద్ర జౌళి శాఖ సాయంతో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అంటే నిఫ్ట్, ‘ఇండియా సైజ్’ సర్వేను తలపెట్టింది. 15 నుంచి 65 సంవత్సరాల మధ్య వయసు గల 25 వేల మందిని ఆరు నగరాలలో యంత్రాలతో కొలవాలన్నది దాని ఉద్దేశం. ఆ ఆరింటిలో హైదరాబాద్ కూడా ఉంది. అలాంటి ఉమ్మడి పట్టిక ప్రతి అంగడికీ చేరేదాకా మన కొలత మన దగ్గర ఉండడమే మేలు.

ప్రస్తుతం మన బజార్లలో సాధారణంగా కనబడే కుర్తీ లెక్క ఇది: ‘ఎస్’ 36, ‘ఎమ్’ 38, ‘ఎల్’ 40, ‘ఎక్స్‌ఎల్’ 42, ‘డబుల్ ఎక్స్‌ఎల్’ 44 అంగుళాలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొందరు ఈ అంకెను కుర్తీ చుట్టుకొలతగా వేస్తారు, మరికొందరు తొడిగే మనిషి ఛాతీ కొలతగా వేస్తారు. రెండింటి మధ్య రెండు మూడు అంగుళాల తేడా వస్తుంది. కనుక దుకాణంలో అడగవలసిన ప్రశ్న “ఇది ఏ సైజు?” అన్నది కాదు, “ఈ 38 ఒంటిదా, బట్టదా?” అన్నది. విడిగా అమ్మే దుస్తులపై సైజు అక్షరంతో పాటు సెంటీమీటర్లలో కూడా కొలత ఉండాలని తూనికలు, కొలతల నిబంధనలకు 2022లో చేసిన సవరణ చెబుతోంది. చీటీని తిప్పి చూసే అలవాటు చేసుకోవాలి. రెండున్నర సెంటీమీటర్లు సుమారుగా ఒక అంగుళం.

ఇంట్లోనే కొలత తీసుకుందాం

టేపు ధర ఎక్కువేమీ ఉండదు. తల్లీకూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఒకరికొకరు పది నిమిషాల్లో కొలతలు తీసుకోవచ్చు. పలుచని దుస్తులపై, మామూలుగా ఊపిరి పీలుస్తూ నిలబడాలి. టేపు బిగించకూడదు, జారనివ్వకూడదు. ఛాతీ, సీటు రెండింటినీ నిండుగా ఉన్న చోట చుట్టూ కొలవాలి. నడుమును మాత్రం సన్నగా ఉన్న చోట కొలవాలి. ఒక భుజం చివరి ఎముక నుంచి మరో భుజం చివరి ఎముక వరకు వెనుక వైపున కొలవాలి. పై చేతి చుట్టుకొలతను చాలామంది మరచిపోతారు. కుర్తీ ఛాతీ దగ్గర సరిపోయి చేతుల దగ్గర పట్టేయడానికి ఎక్కువగా ఆ మరపే కారణం.

సాగని బట్టతో కుట్టిన కుర్తీ ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే రెండు నుంచి నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. సీటు దగ్గర కూడా అంత జాగా అవసరమే. లేకపోతే చాక్ అని మనం పిలుచుకునే పక్క చీలికలు కూర్చున్నప్పుడు విచ్చుకుంటాయి.

ఇంతకంటే సులువైన మార్గం మన పెద్దలు ఎరిగిన నాప్ కుర్తాయే. ఇంట్లో అందరికంటే చక్కగా అమరిన కుర్తీని ముడతలు లేకుండా పరచి ఛాతీ, సీటు, భుజం, చేయి, పొడవు కొలిచి ఆ అంకెలను ఫోనులో రాసిపెట్టుకోవాలి. బండి దగ్గరైనా, పెద్ద దుకాణంలోనైనా కుర్తీని పరచి టేపు వేస్తే చాలు, తొడగకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. పిల్లలు ఎదిగే వయసులో ఉంటే ఆరు నెలలకు ఒకసారి ఈ అంకెలను సరిచూడాలి.

పెద్ద సైజు వేరు, వదులు వేరు

మన ఇళ్లలో జరిగే మరో పొరపాటును కూడా ప్రస్తావించాలి. దుస్తులు వదులుగా ఉండాలన్న మంచి ఉద్దేశంతో చాలామంది రెండు సైజులు పెద్దవి తీసుకుంటారు. సైజు పెరిగితే ఛాతీ ఒక్కటే పెరగదు. భుజాలు జారిపోతాయి, మెడ వెడల్పవుతుంది, చంక కిందికి దిగుతుంది. కప్పుకోవడానికని కొన్న కుర్తీని మెడ దగ్గర పిన్నులు పెట్టి కాపాడుకోవలసి వస్తుంది. అందుకే భుజానికి సరిపోయే సైజును ఎన్నుకోవాలి. వదులును కుట్టు తీరులో వెతకాలి. ఏ-లైన్, అనార్కలీ వంటివి భుజాల దగ్గర అమరి కిందికి వెడల్పవుతూ వస్తాయి. ఒళ్లు కప్పుతాయి, చూడటానికి చక్కగానూ ఉంటాయి.

ఇప్పుడు అమ్మాయిలు ఇష్టపడే నైరా కట్, ఆలియా కట్ కుర్తీలలో ఛాతీ కిందనో నడుము దగ్గరో ఒక కుట్టు వస్తుంది. పొడవైన అమ్మాయికి ఆ కుట్టు పైకి పోయి పట్టేస్తుంది. పొట్టి అమ్మాయికి కిందికి జారుతుంది. వీటిని కొనేటప్పుడు భుజం నుంచి ఆ కుట్టు వరకు ఎంత దూరం ఉందో కూడా చూడాలి.

తొడిగి చూసే వీలుంటే అద్దం ముందు నిలబడి ఊరుకోకూడదు. చేతులు పైకెత్తాలి, కూర్చోవాలి, రుకూ, సజ్దాలో వంగినట్లు వంగి చూడాలి. వెనుక భాగం పైకి లేచినా, మెడ ముందుకు వేలాడినా ఆ కుర్తీ మనకు పనికిరాదు.

తక్కువ ధరలో మోసపోకుండా

తక్కువ ధర కుర్తీలలో నూలు, రేయాన్ బట్టలు ఎక్కువగా కనబడతాయి. రెండూ ఉతికితే కుదించుకుపోయేవే. నూటికి మూడు వంతులు కుదించుకుపోయినా 46 అంగుళాల పొడవులో దాదాపు ఒకటిన్నర అంగుళం పోతుంది. ఛాతీ దగ్గర ఒక అంగుళం తగ్గుతుంది. సరిగ్గా అతికినట్లున్న నూలు కుర్తీ మొదటి ఉతుకు తర్వాత చెల్లెలికి చేరేది ఇందువల్లనే. జార్జెట్ కుర్తీకి పై బట్ట కంటే లోపలి లైనింగ్‌నే ముందు కొలవాలి. చాలాసార్లు బిగుసుకునేది అదే.

కుర్తీని తిరగేసి కుట్టు వెంట ఎంత బట్ట వదిలారో చూడాలి. దర్జీ కుట్టినదానిలో అంగుళం దాకా ఉండే ఆ మడత, చవక దుస్తులలో తరచూ అర అంగుళం కూడా ఉండదు. అలాంటిదాన్ని బిగించవచ్చు గాని విప్పి వదులు చేయడం కుదరదు. రెండు సైజుల మధ్య ఊగిసలాట వచ్చినప్పుడు పెద్దదే తీసుకోవడం మేలు. ఆల్టరేషన్‌కు దర్జీ తీసుకునే డబ్బులనూ కుర్తీ ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.

ఫోనులో కొనేటప్పుడు ఫొటోలోని అమ్మాయిని చూసి మురిసిపోకుండా కొలతల పట్టికను తెరవాలి. అవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అన్నది చదవాలి. ‘చిన్నగా వచ్చింది’ అని నలుగురు కొన్నవారు రాస్తే నమ్మాలి. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో ముందే తెలుసుకోవాలి. వచ్చినది వచ్చినట్లు చీటీ తెంపకుండా తొడిగి చూడాలి. పండుగ కోసమైతే కనీసం రెండు వారాల ముందు తెప్పించుకోవాలి. తొడగకుండా బీరువాలో మూలన పడిన నాలుగు చవక కుర్తీల ధర ఒక మంచి కుర్తీ ధరను మించుతుంది. అది కూడా దుబారాయే.

మాట జాగ్రత్త

చివరిగా ఒక మనవి. కుర్తీ పట్టనప్పుడు మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? “ఎంత లావయ్యావే!” పదహారేళ్ల పిల్ల ఆ మాటను కుర్తీతో పాటు విప్పి పక్కన పెట్టలేదు. దానికి బదులు “ఈ కుర్తీ నీకు కుదరలేదు” అందాం. తెచ్చిన బట్టను తప్పు పడదాం, దైవం ఇచ్చిన శరీరాన్ని తప్పు పట్టవద్దు.

ఆ ఈద్ మధ్యాహ్నం మా అక్క కూతురు టేపును తానే తీసుకుని ఇంట్లోని కుర్తీలన్నింటినీ కొలిచింది. ‘ఎమ్’ అని ఉన్న ఐదింటిలో నాలుగు రకాల కొలతలు తేలాయి. చూసి నవ్వింది. వంటింట్లోకి వెళ్లి షీర్ ఖుర్మా గిన్నె తెచ్చుకుంది. ఇప్పుడు ఆమె బజారుకు బయలుదేరితే సంచిలో టేపు ఉంటుంది.