చూపు వచ్చినా.. వాపు ఉండవచ్చు!

హైదరాబాద్: కొద్ది రోజులు తలనొప్పి, చెవుల్లో హోరు. ఆపై రెండు కళ్లూ మసకబారటం. వోక్ట్-కొయనాగి-హరడా అనే నేత్రవ్యాధి తరచూ ఇలాగే మొదలవుతుంది. రోగనిరోధక వ్యవస్థ రంగునిచ్చే మెలనిన్ కణాలపైనే దాడికి దిగటం దీనికి మూలం. నేత్రపటలం (రెటీనా) వెనుక రక్తనాళాలతో నిండిన కొరాయిడ్ పొర ఉబ్బుతుంది. దాన్నుంచి ఊరిన ద్రవం నేత్రపటలాన్ని పైకి లేపుతుంది. కొందరిలో తర్వాత కనురెప్పల వెంట్రుకలు నెరుస్తాయి, చర్మంపై తెల్లమచ్చలు వస్తాయి.

చికిత్స స్టెరాయిడ్లే. వాటితో చాలామందికి కొద్ది వారాల్లోనే చూపు మెరుగుపడుతుంది. చిక్కు అక్కడే ఉంది. చూపు వచ్చింది కదా అని రోగి మాత్రలు ఆపేస్తే వ్యాధి తిరగబెడుతుంది. సాధారణంగా కనీసం ఆరు నెలలపాటు మోతాదును మెల్లమెల్లగా తగ్గించాలి.

ఎంత తగ్గించాలో తేల్చటానికి ఓసీటీ చిత్రాలు తోడ్పడతాయి. 1991లో అమెరికా పరిశోధకులు వెల్లడించిన ఈ పద్ధతిలో పరారుణ కాంతిని కంట్లోకి పంపి, తిరిగివచ్చే కాంతితో పొరల అడ్డుకోతను చూపుతారు. సూదిమందు ఉండదు, యంత్రం కంటిని తాకదు. రంగుమందు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్ వ్యాధి నిర్ధారణలో అవసరమే కానీ, ప్రతిసారీ తీయటం కష్టం. 2008 తర్వాత వచ్చిన మెరుగుదలతో లోతున ఉన్న కొరాయిడ్ మందాన్నీ కొలవటం సాధ్యమైంది.

ఆ అంకెలు ఆసక్తికరం. 2011లో జపాన్ వైద్యులు ఎనిమిది మంది రోగులపై ప్రచురించిన పరిశీలనలో కొరాయిడ్ మందం మొదట సగటున సుమారు 800 మైక్రాన్లు. స్టెరాయిడ్లు మొదలుపెట్టిన మూడు రోజులకు 520కి, రెండు వారాలకు 340కి దిగింది. వ్యాధి తిరగబెట్టినప్పుడు చూపు తగ్గకముందే ఈ పొర మళ్లీ మందమెక్కవచ్చు.

అయితే అంకెను గుడ్డిగా నమ్మరాదు. వ్యాధి ఏళ్ల తరబడి సాగితే కొరాయిడ్ పలుచబడుతుంది. అది కోలుకున్నట్టు కాదు. శుక్లం ముదిరినా చిత్రం మసకగా వస్తుంది. కంటి ముందుభాగంలోని వాపును స్లిట్‌ల్యాంప్‌తో వైద్యుడు స్వయంగా చూడాల్సిందే. యంత్రానికీ యంత్రానికీ కొలత కొంత మారుతుంది గనుక, వీలైనంతవరకు ఒకేచోట తీయించుకోవటం, పాత చిత్రాలను వెంట తీసుకెళ్లటం అవసరం.