కంఠీరవలో ఆ రాత్రి విజిల్ వేశారా, లేదా?

మన ఇళ్లలో ఫుట్‌బాల్ మాటొస్తే ఇప్పటికీ 2023 మార్చి 3 రాత్రి ముచ్చటే. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీకీ, కేరళ బ్లాస్టర్స్‌కూ ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్. 90 నిమిషాల్లో గోల్ పడలేదు. అదనపు సమయంలో, 96వ నిమిషాన, ప్రత్యర్థులు గోడ కట్టుకుంటుండగానే సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను గోల్‌లోకి పంపాడు. రిఫరీ గోల్ ఇచ్చేశారు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ నిరసనగా జట్టును బయటికి పిలిచేశారు. వాళ్లు తిరిగి రాలేదు. బెంగళూరు 1-0తో గెలిచినట్టు ప్రకటించారు.

"విజిల్ లేకుండా కొట్టాడు, చెల్లదు" అన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. నిబంధన అలా లేదు. ప్రతి ఫ్రీకిక్‌కూ విజిల్ అక్కర్లేదు. గోడను వెనక్కి జరపమని కొట్టే జట్టు అడిగితే విజిల్ దాకా ఆగాలి. అడగకపోతే వెంటనే కొట్టొచ్చు. అసలు తగాదా ఆ రాత్రి ఏది జరిగిందన్నదే.

మ్యాచ్ మళ్లీ ఆడించాలన్న కోరికను ఫెడరేషన్ తోసిపుచ్చింది. మధ్యలో వెళ్లిపోయినందుకు క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి.

మన పక్క వాటాలో మలయాళీ కుటుంబాలూ ఉంటాయి. పిల్లలు వాదులాడుకుంటే వినికిడి మాట కాదు, నిబంధన చెబుదాం. ఇరుగు పొరుగు మ్యాచ్ తర్వాత కూడా ఉండేవాళ్లేగా!