మెరుగు పెడితే ధర తరుగు

పాత రివాల్వర్‌ను అమ్మకానికి పెట్టేముందు బాగా తోమి, కొత్త మెరుగు పెట్టిస్తే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికా కలెక్టర్ల దగ్గర సరిగ్గా ఆ పనే ధరను పడగొడుతుంది.

అక్కడ మొదట చూసేది, ఫ్యాక్టరీలో ఉక్కుకు పెట్టిన నీలి మెరుగు ఎంత శాతం మిగిలిందన్నది. తోలు ఒరలోకి పెట్టీ తీసీ బ్యారెల్ కొస అరిగి తెల్లబడినా క్షమిస్తారు. అది నిజాయితీగా వాడిన గుర్తు. మళ్లీ మెరుగు పెట్టించింది కనిపిస్తే మాత్రం పెదవి విరుస్తారు. దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకు కష్టమేమీ కాదు. పాలిష్ చక్రం కింద పదునైన అంచులు మొద్దుబారతాయి, ముద్రించిన అక్షరాలు పలచబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గుంట పడుతుంది. సిలిండర్ వదులైతే మంచి పనివాడు బాగుచేస్తాడు. పోయిన అసలు మెరుగును ఎవడూ తేలేడు.

మోడల్ సంగతి కొంత మోజు, కొంత చరిత్ర. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ భాగాలను పనివాళ్లు చేత్తో సర్ది బిగించేవారు. తయారీ ఆగిపోయాక దాని ధర ఎగబాకింది. 2010లో మొదలైన ‘ది వాకింగ్ డెడ్’ సీరియల్లో హీరో చేతికి అదే రావడంతో మోజు ఇంకా పెరిగింది. 2020లో కోల్ట్ మళ్లీ పైథాన్ తయారుచేయడం మొదలుపెట్టినా, పాతదాన్నే వెతికేవాళ్లు ఉన్నారు. స్మిత్ అండ్ వెస్సన్‌ది ఇంకో తమాషా. 2001 నుంచి ఆ కంపెనీ రివాల్వర్ల పక్కన తాళంచెవి కోసం ఓ చిన్న రంధ్రం వచ్చింది. ఆ రంధ్రం లేని పాతవాటికే ఓటు వేసేవాళ్లు చాలామంది.

ఆ తర్వాత కాగితాలు. సీరియల్ నంబరు సరిపోయే అసలు పెట్టె ఉంటే చాలు, ధర మారుతుంది. కోల్ట్ కంపెనీ తన పాత రికార్డులు చూసి, ఫలానా తుపాకీ ఎప్పుడు, ఏ మెరుగుతో, ఎంత పొడవు బ్యారెల్‌తో బయటికి వెళ్లిందో రుసుము తీసుకుని ఉత్తరం రాసిస్తుంది. ఉత్తరంలో నీలి మెరుగని ఉండి, చేతిలో ఉన్నది నికెల్ పూతతో మెరుస్తుంటే బేరం చెడినట్టే.

కాగితాల బలం ఎంతటిదో 2021లో లాస్ ఏంజెలెస్‌లో తేలింది. 1881లో బందిపోటు బిల్లీ ద కిడ్‌ను షెరీఫ్ ప్యాట్ గారెట్ కాల్చి చంపిన కోల్ట్ రివాల్వర్‌ను బోన్హామ్స్ సంస్థ వేలం వేస్తే 60 లక్షల డాలర్లు దాటింది. గారెట్ చనిపోయాక అది ఇతరుల చేతిలోనే ఉండిపోతే, ఆయన భార్య కోర్టుకెక్కి మరీ దక్కించుకుంది. ఆ దావా వల్లే తుపాకీ ఎవరి దగ్గర ఎప్పుడు ఉందో కోర్టు రికార్డుకెక్కింది.

మన దేశంలో లెక్క వేరు. 1980లలో సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. దాంతో లైసెన్సు ఉన్నవాళ్ల మధ్యే చేతులు మారే పాత వెబ్లీ రివాల్వర్లు, మెరుగు పోయినవి కూడా, చాలాకాలం వాటి పనితనానికి మించిన ధర పలికాయి.