పత్రికారచన విద్య: విశ్వవిద్యాలయముల పాఠ్యక్రమములు

పత్రికారచన గురుముఖమున నేర్వదగినదా, లేక పత్రికాలయమున పనిచేసి యలవరచుకొనదగినదా యను ప్రశ్న చాలకాలముగా నున్నది. 1874లో “వివేకవర్ధని”ని స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు పాఠశాలోపాధ్యాయులు. ఈ విద్యను బోధించు శాఖ నాడు మన దేశమున నెచ్చటను లేదు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో “ఆంధ్రపత్రిక”ను ప్రారంభించిరి. ఆ సంవత్సరముననే అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమున పత్రికారచన కళాశాల వెలసెను.

మిస్సోరీవారి పద్ధతి ప్రధానముగా అభ్యాసము. అచటి విద్యార్థులు తొలిదినములనుండియు అధ్యాపకుల పర్యవేక్షణలో నిజమైన వార్తాపత్రికను నడపిరి. జోసెఫ్ పులిట్జరు అభిప్రాయము వేరు. విలేఖరికి చరిత్రము, ధర్మశాస్త్రము, అర్థశాస్త్రము, గణాంకములు, నీతి ముఖ్యములనియు, పత్రికా వ్యాపారమును బోధింపరాదనియు ఆయన 1904లో వ్రాసెను. ఆయన యిచ్చిన ధనముతో 1912లో న్యూయార్కునందు కొలంబియా విశ్వవిద్యాలయ కళాశాల తెరవబడెను. మిస్సోరీలో ఉన్నత పాఠశాల ముగించినవారును చేరవచ్చును. కొలంబియా కళాశాల నేడు పట్టభద్రులకు మాత్రమే.

మన దేశమున లాహోరులో 1941లోను, మద్రాసులో 1947లోను ఈ విద్య విశ్వవిద్యాలయములందు ప్రవేశించెను. నాగపురమందలి హిస్లాపు మిషను కళాశాలలో 1952లో అమెరికా ఆచార్యుడు రోలండు వూల్జ్‌లీ యొక శాఖను నెలకొల్పెను. ఉస్మానియాలో 1954లో శాఖ యేర్పడెను. ఇట్టి శాఖలలో బోధన ప్రధానముగా ఇంగ్లీషుననే సాగెను. కాని మన గ్రామములందు చదువబడునది తెలుగు పత్రిక. 1985లో హైదరాబాదున స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయము ఈ విద్యను తెలుగున బోధించుట యా లోపమును కొంత తీర్చినది.

ఈ భేదములు మనకేల యందురా? గోదావరి వరదను జూడుడు. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులైనప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూడవదియు ఇయ్యబడును. క్యూసెక్కనగా సెకండునకు ఒక ఘనపు అడుగు నీరు. వార్తను త్వరగా వ్రాయుట మిస్సోరీ నేర్పు విద్య. ఆ యంకెల యర్థ మెఱుగుట పులిట్జరు కోరిన విద్య. లంకలోని రైతునకు బోధపడునట్లు చెప్పుట మాతృభాషా విద్య. మూటిలో ఏ యొక్కటి లోపించినను, ఆ రైతు పశువులను తోలుకొని గట్టు చేరవలసిన వేళ తెలియక నష్టపడును.

కావున బిడ్డలను ఈ విద్యకు పంపదలచిన తల్లిదండ్రులు పట్టా పేరును మాత్రమే చూడక మూడు సంగతులు విచారింపవలెను: విద్యార్థులు అచ్చట నిజముగా పత్రిక వెలువరింతురా? వార్తారచనతోపాటు ఇతర శాస్త్రములు చదువుదురా? ఏ భాషలో వ్రాయుట నేర్తురు? బాలబాలికలారా, మీరు కళాశాలకై వేచియుండ నక్కరలేదు. మన సంతలోని అరటిగెలల ధరను స్వయముగా విచారించి, మఱియొకరిని అడిగి సరిచూచి, పది పంక్తులలో తేటతెలుగున వ్రాయుడు. ఏ విశ్వవిద్యాలయమునందైనను మొదటి పాఠ మదియే.