ఎఫెసులో దొరికిన కుటుంబం

ఎఫెసు అనగానే మనకు అపొస్తలుడైన పౌలు గుర్తుకొస్తాడు. షేక్‌స్పియర్ తన తొలినాళ్ల హాస్య నాటకం ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ కథను కూడా ఆ పట్టణంలోనే నడిపించాడు.

కథ పూర్తిగా ఆయన సొంతం కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 200 ఏళ్ల నాటి రోమా నాటకకర్త ప్లాటస్ రాసిన ‘మెనెక్మి’ దానికి మూలం. చిన్నప్పుడు తప్పిపోయిన కవల సోదరుణ్ణి వెతుక్కుంటూ ఒకడు ఎపిడామ్నస్ పట్టణానికి వస్తాడు. ఊరంతా అతణ్ణి చూసి సోదరుడనుకుంటుంది. షేక్‌స్పియర్ వారికి కవల సేవకులను కూడా జతచేశాడు. యజమాని తన ఇంటి గుమ్మం బయటే నిలిచిపోయే సన్నివేశాన్ని ప్లాటస్ మరో నాటకం ‘ఆంఫిట్రుయో’ నుండి తీసుకున్నాడు. ఊరిని మాత్రం ఎఫెసుగా మార్చాడు.

ఎందుకు? అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చూడండి. ఎఫెసులో మాంత్రికులు కాల్చివేసిన పుస్తకాల వెల 50,000 వెండి రూకలు. దయ్యాలను వెళ్లగొట్టబోయిన స్కెవ కుమారులు గాయపడి పారిపోయారు. నాటకంలోనూ కొత్తగా వచ్చిన కవల, ముక్కూమొహం తెలియనివారు తనను పేరుపెట్టి పిలుస్తుంటే ఇది మంత్రగాళ్ల ఊరని భయపడతాడు. పించ్ అనే బడిపంతులు, మతి బాగానే ఉన్న అతని సోదరుడికి దయ్యం వదిలించబోతాడు. నిజానికి అక్కడ దయ్యమూ లేదు, మంత్రమూ లేదు. ఎదుట ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు, అంతే.

ముగింపులో తేడా ఇంకా పెద్దది. ప్లాటస్ నాటకం చివర ఆ ఊళ్లో ఉన్న సోదరుడి ఆస్తినంతా వేలం వేస్తామని ప్రకటిస్తారు. కొనేవాడు దొరికితే భార్యను కూడా అమ్మేస్తామని పరిహాసమాడతారు. షేక్‌స్పియర్ అలా ముగించలేదు. సూర్యాస్తమయానికి మరణశిక్ష పొందవలసిన తండ్రి ఈజియన్‌కు కుమారులిద్దరూ కనబడతారు. క్రైస్తవ సన్యాసినుల మఠాధిపతి, ఎప్పుడో దూరమైన తన భార్యేనని తెలుస్తుంది. రోజంతా దెబ్బలు తిన్న సేవకులు, ఒకరి వెనుక ఒకరు కాకుండా చేయీ చేయీ పట్టుకొని లోపలికి నడుస్తారు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, దాసులు, యజమానులు: ఎఫెసీయులకు రాసిన పత్రిక 5, 6 అధ్యాయాల్లో పౌలు మాట్లాడింది ఈ బంధాల గురించే.

ఈ నాటకాన్ని 1594 డిసెంబర్ 28న లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో ప్రదర్శించారు. 1604లో అదే తేదీన రాజు ఎదుట ఆడారు. అది హేరోదు చంపించిన బేత్లెహేము పసిపిల్లలను సంఘం స్మరించే దినం. పిల్లలను పోగొట్టుకున్న తల్లుల దుఃఖాన్ని తలచుకునే రోజున, తప్పిపోయిన పిల్లలు దొరికిన కథ!

మన ఇళ్లలోనూ ఒకరి ప్రవర్తన అర్థం కాకపోతే, ఎవరో ఏదో చేయించారనో, దయ్యం పట్టిందనో అనేస్తాం. ఆ మాట అనేముందు ఆ మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడుదాం. ఆ నాటకంలో చిక్కుముడి విడిపోయింది, అందరూ ఒకచోట ఎదురెదురుగా నిలబడినప్పుడే.