'గో' అంటే వెళ్లడమేనా?

పిల్లవాడు ఇంగ్లీషు వాచకం తెరచిన మొదటి వారంలోనే నేర్చుకొనే మాటల్లో 'గో' ఒకటి. 'గో అంటే వెళ్లుట' అని ఎక్కం అప్పజెప్పినట్లు అప్పజెప్పి పేజీ తిప్పేస్తాడు. ఆ తరువాత పదిహేనేళ్లు చదివి, డిగ్రీ పుచ్చుకొని, నోరు తిరగని పెద్ద పెద్ద మాటలకు అర్థాలు కంఠస్థం చేసినవారు సైతం పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన రోజున తడబడేది ఆ పెద్ద మాటల దగ్గర కాదు. ఈ చిన్నదాని దగ్గరే.

మేము కొంతకాలంగా నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు సాయంకాలాలు ఇంగ్లీషు చెబుతూ ఉన్నాము. బ్రిటన్‌కో, ఐర్లండ్‌కో, గల్ఫ్ దేశాలకో వెళ్లి ఉద్యోగం చేసుకోవాలని, ఇంటి అప్పు తీర్చాలని, తమ్ముణ్ణి చదివించాలని వారి ఆశ. పరీక్షలో వచ్చే వ్యాసాలకు వారు భయపడరు. మందుల పేర్లు, రోగాల పేర్లు మనకంటె వారికే బాగా తెలుసు. కాని వార్డులో మంచం మీది ముసలాయన "ఐ నీడ్ టు గో" అంటే ఎక్కడికి వెళ్లాలంటున్నాడో తోచక "ఇంటికి రేపు పంపిస్తారు తాతగారూ" అని సముదాయిస్తే పక్క తడిసిపోతుంది. ఆయన అడిగింది మరుగుదొడ్డి. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మన పల్లెల్లో "బయటికి వెళ్లాలి" అంటే ఎవరైనా "ఏ ఊరికి?" అని అడుగుతారా? మర్యాద కోసం మాటను చాటుచేయడం అన్ని భాషలకూ తెలిసిన విద్యే.

అదే రోగిని ఉదయం నర్సు "హావ్ యూ బీన్?" అని అడుగుతుంది. 'విరేచనమైందా?' అని దాని భావం. ఈ 'బీన్' దగ్గర మనవాళ్లలో నూటికి తొంభైమంది పొరబడతారని చెబితే అతిశయోక్తి కాదనుకుంటాము. "హి హాజ్ గాన్ టు గుంటూర్" అంటే గుంటూరు వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. "హి హాజ్ బీన్ టు గుంటూర్" అంటే వెళ్లి తిరిగి వచ్చేశాడు. వ్యాకరణ పుస్తకాలు దీనికి ఒక పేజీ కేటాయిస్తాయి. మనకు అంత అవసరం లేదు. 'వెళ్లాడు' అన్నచోట 'గాన్', 'వెళ్లొచ్చాడు' అన్నచోట 'బీన్' అనుకుంటే చాలు. మన భాషలో ఆ తేడా ముందునుంచీ ఉన్నది. దాన్ని వాడుకోకుండా ఇంగ్లీషు సూత్రాన్ని బట్టీపట్టించడం వల్లనే పిల్లలు నలిగిపోతున్నారు.

ఇక 'ఆఫ్' చేరితే ఈ మాట ఆడే ఆటలు చూడండి. "ద లైట్ వెంట్ ఆఫ్" అంటే దీపం ఆరిపోయింది. "ద అలారం వెంట్ ఆఫ్" అంటే అలారం ఆగిపోలేదు, మోగింది. బాంబు 'వెంట్ ఆఫ్' అంటే పేలింది. బ్రిటన్‌లో పాలు 'వెంట్ ఆఫ్' అంటే విరిగిపోయాయి. సెలైన్ ఎక్కించే యంత్రం అలారం 'గాన్ ఆఫ్' అని పక్క మంచం ఆవిడ కేక వేస్తే, ఆగిపోయిందేమోలే అనుకొని తన పని తాను చూసుకొనే కొత్త నర్సును తలచుకోండి. మా తరగతిలో ఈ ఒక్క మాటకు ఒక సాయంకాలమంతా పడుతుంది. అందుకు మాకు విచారం లేదు.

అన్నట్టు, ఇంగ్లీషులో అర్థాల లెక్కలో అందరికంటె ముందున్నది 'గో' కాదు, దాని అన్న 'రన్'. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువువారు క్రియగా 'రన్' ఒక్కదానికే 645 అర్థాలు తేల్చారని 2011లో వార్త వచ్చింది. 'గో' కూడా ఆ వరుసలో నిలబడేదే. చిన్న మాటలే బరువు మోస్తాయి.

'గో'కు భూతకాలం 'వెంట్' ఎందుకయింది? పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. "అది అంతే, నేర్చుకో" అని కసిరేయకండి. జవాబు ఉన్నది. పాత ఇంగ్లీషులో 'గో'కు వేరే భూతకాల రూపం ఉండేది. అది 'ఏఓదె' వంటి మాట. వాడుకలో అది అరిగిపోయింది. ఆ ఖాళీలోకి మరొక క్రియ వచ్చి కూర్చున్నది. ఆ క్రియ 'వెండ్', అంటే తిరుగుట, దారి పట్టుట. 'సెండ్'కు 'సెంట్', 'బెండ్'కు 'బెంట్' అయినట్లే 'వెండ్'కు 'వెంట్'. పదిహేనో శతాబ్దం నాటికి ఈ పెట్టుడు చెయ్యి సొంత చెయ్యే అయిపోయింది. పాపం 'వెండ్'కు తన భూతకాలం పోయి 'వెండెడ్' అని కొత్తది కుట్టించుకోవలసి వచ్చింది. ఇంగ్లీషు తల్లుల పిల్లలు కూడా మాటలు నేర్చే వయసులో 'గోడ్' అనే అంటారు. మన పిల్లవాడు అలా అంటే బెత్తం తీయవలసిన పని లేదు. మన 'వచ్చు' మాత్రం తక్కువ తిన్నదా? 'వచ్చాడు' అంటాము, 'రాలేదు' అంటాము, పిలిచేటప్పుడు 'రా' అంటాము. మూడూ ఒకే మూలం నుంచి పుట్టినవని పండితులు చెబుతారు గాని, తెలుగు నేర్చుకొనే దొరకు ఆ పోలిక ఎక్కడ కనిపిస్తుంది?

పాఠకులకు మరింత ముచ్చట గొలిపే సంగతి ఒకటున్నది. "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అంటే వాన ఎక్కడికీ వెళ్లడం లేదు, పడబోతోంది. ఒకప్పుడు ఇంగ్లీషువాడు "కొనడానికి వెళుతున్నాను" అంటే నిజంగా నడిచి వెళుతూ ఉండేవాడు. వెళ్లేవాడు చేయబోయే పని రేపటిదే కదా! అలా కాలక్రమాన కాళ్లకు పని లేకుండా 'గోయింగ్ టు' అనేది భవిష్యత్తుకు గుర్తు అయింది. ఫ్రెంచివారూ ఇదే పని చేశారు. మరి మనం? 'పడబోతోంది', 'చేయబోతున్నాను', 'రాబోయే ఆదివారం' అనే మాటల్లో ఆ 'బో' ఏమిటో గమనించారా? అది మన 'పో'యే. సంధిలో పకారం బకారమయింది. 'పడ' తరువాత 'పోతోంది' చేరి 'పడబోతోంది' అయింది. ఏడు సముద్రాల అవతలివారూ మనమూ ఒకరినొకరు చూడకముందే ఒకే దారిన నడిచాము. ఈ మాట చెప్పినప్పుడు మా తరగతిలో పిల్లల ముఖాలు విచ్చుకుంటాయి. ఇంగ్లీషు అంటే భయం సగం అక్కడే తగ్గుతుంది.

'గో' పక్కన 'కమ్'ను నిలబెట్టి చూస్తే మరికొంత బోధపడుతుంది. ఎవరైనా పిలిస్తే ఇంగ్లీషువాడు "ఐ యామ్ కమింగ్" అంటాడు, మనమూ "వస్తున్నా" అంటాము. స్పెయిన్ దేశస్థుడైతే అక్కడ "వెళుతున్నా" అని పలుకుతాడు. ఇక్కడ మనకూ ఇంగ్లీషుకూ పేచీ లేదు. చార్లెస్ ఫిల్‌మోర్ అనే అమెరికన్ భాషా శాస్త్రవేత్త 1971లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో చేసిన ఉపన్యాసాలలో ఒకటి పూర్తిగా ఈ రాకపోకల మాటల గురించే. ఈవ్ క్లార్క్ అనే విదుషీమణి 1974లో మరొక సంగతి ఎత్తిచూపారు. మామూలు స్థితికి చేరడం 'కమ్', మామూలు స్థితి నుంచి తొలగడం 'గో' అని. రోగికి టెంపరేచర్ 'గోజ్ అప్', తరువాత 'కమ్స్ డౌన్'. విమానం 'కేమ్ డౌన్' అంటే దిగిందనుకోవచ్చు, 'వెంట్ డౌన్' అంటే గుండె గుభేలుమంటుంది. మత్తు ఇస్తే రోగి 'గోజ్ అండర్', తెలివి వస్తే 'కమ్స్ రౌండ్'. కల నిజమైతే 'కమ్స్ ట్రూ', కూర పాడైతే 'గోజ్ బాడ్'. మన వంటింట్లోనూ అన్నం పాచి'పోతుంది', పాలు విరిగి'పోతాయి'. అన్నీ ఈ లెక్కలో ఇమడవు, పని బాగా సాగినా 'వెంట్ వెల్' అనే అంటారు. అయినా లెక్క చాలావరకు నిలుస్తుంది.

జ్వరం దగ్గర మాత్రం మన దారి వేరు. మనకు జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. ఇంగ్లీషువాడికి జ్వరం రాదు, అతడే దాన్ని పొందుతాడు లేక కలిగి ఉంటాడు. "ఫీవర్ కేమ్ టు మి" అని రాసిన సెలవు చీటీ చూసి నవ్వే మేనేజర్లున్నారు. ఆ చీటీ రాసినవాడు తెలుగులో ఆలోచించాడు, అంతే. మనకు భాష కూడా వస్తుంది గదా! "నాకు ఇంగ్లీషు వచ్చు" అంటాము. ఇంత దూరం నడిచి మన దగ్గరకు వచ్చినదాన్ని గుమ్మంలో నిలబెట్టకూడదని మా అభిప్రాయం.

బైబిలు చదివే పాఠకులు ఆదికాండము 11వ అధ్యాయం తీయండి. బాబెలు గోపురం కథ అది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ మనుష్యులు ఒకరినొకరు పనికి పిలుచుకొనేటప్పుడు 'గో టు' అంటారు. అక్షరాలా చూస్తే 'పో' అన్నట్లున్నది. ఆనాటి ఇంగ్లీషులో అది 'ఊఁ, కానివ్వండి' వంటి హెచ్చరిక. మన తెలుగు బైబిలులో ఆ చోట ఉన్న మాట 'రండి'. ఆ తరువాత వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు కూడా 'కమ్' అనే మార్చుకున్నాయి. భాషలు తారుమారైన కథలోనే 'పో' కాస్తా 'రా' కావడం చూస్తే మాకు నవ్వు వస్తుంది.

గుమ్మం దగ్గర సెలవు పుచ్చుకొనేటప్పుడు మన నోట 'పోతాను' అనే ఒంటి మాట రాదు. కోస్తాలో 'వెళ్లొస్తాను', తెలంగాణలో 'పోయొస్త', తమిళులకు 'పోయిట్టు వరేన్'. 'పోవు' అనే మాటకు చావు అర్థం కూడా ఉండటం వల్ల వెంటనే ఒక రాకను కలిపి కట్టేస్తాము. అందుకే దక్షిణాదివారి ఇంగ్లీషులో "ఐ విల్ గో అండ్ కమ్" పుట్టింది. మనలో మనం అనుకుంటే అందులో తప్పేమీ లేదు. లండన్‌లో ఇంటి యజమానురాలితో అంటే మాత్రం ఆవిడ రాత్రికి తలుపు గడియ పెట్టకుండా కూర్చోవచ్చు! అక్కడ "ఐ మస్ట్ బి గోయింగ్" చాలు.

'గో వితౌట్' అని మరొకటున్నది. లేకుండా గడుపుకోవడం దాని భావం. దేన్ని లేకుండా అని ఒక్కోసారి చెప్పరు కూడా. "మదర్ వెంట్ వితౌట్" అంటే పిల్లలకు వడ్డించి తల్లి పస్తున్నది అని. మా దగ్గరికి వచ్చే పిల్లలకు ఈ మాట వివరించనక్కరలేకపోయింది.

చివరగా 'గాన్'. మనం 'పోయారు' అన్నట్లే ఇంగ్లీషువారూ "హి హాజ్ గాన్" అంటారు. క్రైస్తవ కుటుంబాలలో "గాన్ హోమ్" అంటే పరమునకు చేరారని. ఆసుపత్రి రిజిస్టరులో అదే మాటకు డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లారని అర్థం. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు బంధువులకు ఫోను చేసి ఈ మాట వాడితే, అవతలివారు "ఎప్పుడు? ఎవరు తీసుకువెళ్లారు?" అని సంతోషంగా అడిగే ప్రమాదమున్నది. అందుకే అక్కడి శిక్షణలో ఇటువంటి చోట చాటు మాటలు వద్దని, 'డైడ్' అని సూటిగా, మెల్లగా చెప్పమని నేర్పుతారు. మన పిల్లలకు అది కఠినంగా తోస్తుంది, నోరు రాదు. ఒకటికి రెండుసార్లు మా ఎదుట పైకి అనిపిస్తాము. చెప్పిన తరువాత వెంటనే మరో మాట కలపకుండా, అవతలివారు తేరుకొనేదాకా ఊరక ఉండమని కూడా ఆ శిక్షణలో చెబుతారు.