రైతు గృహిణుల రక్తహీనత

ఏ సంఘమునందైనను జమ కంటె ఖర్చు హెచ్చయినచో ముందుగా చేతినిల్వ తరుగును. పిమ్మట నిల్వనిధి కరగును. తుదకు సంఘము మూతపడును. ఈ సంగతి మన సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు. మన యిండ్లలో స్త్రీల శరీరమునందు ఇనుము విషయమున జరుగుచున్నదియు నిదియే. కాని యా ఖాతాను తనిఖీ చేయువారు లేరు.

రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి ఇనుము వలన గలుగుచున్నది. నెలనెలయు ఋతుస్రావమున సామాన్యముగా 30 మొదలు 40 మిల్లీలీటర్ల రక్తము పోవును. రెండు మిల్లీలీటర్ల రక్తముతో ఇంచుమించు ఒక మిల్లీగ్రాము ఇనుము వెడలును. స్రావము 80 మిల్లీలీటర్లు దాటినచో అది అతిస్రావము. కనుకనే జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టికయందు దినమునకు పురుషునకు 19, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారములో నుండవలెనని నిర్ణయించినది. ధాన్యములలోను కూరలలోను ఉన్న ఇనుములో పదవవంతు ఒంటబట్టుటయు నరుదు. ఇట్లుండ, ఎక్కువ తినవలసిన యామె అందరును భుజించిన పిమ్మట మిగిలినది తినుచున్నది.

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికి, తెలంగాణమున 57.6 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

దీని గుర్తులు మనము నిత్యము చూచునవే. నాట్లలో వంగిన మనిషి లేవగానే కన్నులు చీకట్లు క్రమ్ముట, నీళ్లబిందెతో నాలుగడుగులు వేయగానే ఆయాసము, గుండెదడ, నాలుకయు కనురెప్పల లోభాగమును పాలిపోవుట, పచ్చిబియ్యము, మట్టి, బలపములు తినవలెనను కోరిక. అత్తగారు దీనిని బద్ధకమందురు, పెనిమిటి గమనింపడు. ఆమెయు తన కష్టమును పైకి చెప్పదు. వ్రేలికొన నుండి తీసిన రక్తపుబొట్టుతో హిమోగ్లోబిన్ పరీక్ష చేయవచ్చును. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరునకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు తగ్గినచో రక్తహీనతయే.

ఆహారమున సవరణలు మన చేతిలోనివే. నూరు గ్రాముల తెల్లబియ్యములో ఒక మిల్లీగ్రాము ఇనుమైనను లేదు. సజ్జలలో ఆరు, రాగులలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా గలదు. పప్పులు, ఆకుకూరలు, తినువారికి మాంసము, కాలేయము మంచివి. భోజనముతో నిమ్మకాయయో, ఉసిరికయో, జామపండో చేర్చినచో ఇనుము చక్కగ ఒంటబట్టును. టీ కాఫీలు దానిని అడ్డుకొనును గాన, భోజనమునకు ముందు వెనుకల గంటసేపు వానిని మానవలెను.

అయినను నిల్వ అడుగంటిన పిమ్మట ఆహార మొక్కటియే చాలదు, మాత్రలు కావలెను. 2018లో ప్రారంభమైన రక్తహీనతా నిర్మూలన పథకమున బాలికలకును స్త్రీలకును వారమున కొకటిచొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుపమాత్ర నిర్ణయింపబడినది. రక్తహీనత గలవారు వైద్యుడు చెప్పినట్లు దినదినము వాడవలెను. మలము నల్లబడుట సహజము, భయపడి మానరాదు. నీరసము తగ్గగానే ఆపినచో నిల్వ మరల నిండదు, కొన్నిమాసములు సాగింపవలెను. అప్పటికిని రక్తము పెరుగనిచో వేరు కారణము వెదకవలెను.

చెప్పులు లేక తడినేలలో నడచుటవలన కొంకిపురుగులు చర్మము ద్వారా లోజొచ్చి, ప్రేగులలో రక్తము పీల్చును. మరుగుదొడ్డి, చెప్పులు, ఆరుమాసముల కొకమారు వైద్యులిచ్చు పురుగుల మందు దీనికి నివారణములు.

స్రావము ఏడుదినములు మించినను, గడ్డలుగా పడినను, గంట రెండుగంటలకే గుడ్డ తడిసినను వైద్యునకు చూపవలెను. ఇందు మందులతో నయమగునవి పెక్కులు. తొందరపడి గర్భసంచి తీయించుట తగదు. 2015-16 సర్వేలో ఈ శస్త్రచికిత్స యైన స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 8.9, తెలంగాణమున 7.7 మంది, దేశములో ఈ రెండు రాష్ట్రములే ముందున్నవి. అప్పుచేసి శస్త్రచికిత్స చేయించుటకు ముందు మరియొక వైద్యుని యభిప్రాయము తీసికొనవలెను.

ఎడ్లు చిక్కినచో ఆ దినముననే దాణా పెంచు రైతు, ఇల్లాలు చిక్కినచో ఏడాది చూచుట న్యాయమా? ప్రతి సంఘమును ఎరువులు పంచు దినములలో నొక దినము ఆరోగ్యకేంద్రము వారిని పిలిపించి, సభ్యుల ఇంటి స్త్రీలకు రక్తపరీక్ష చేయింపవచ్చును. ఈ నెల మహాజనసభలో ఈ విషయము ప్రస్తావింపవలెనని మనవి. అంతవరకు ప్రతి ఇంటను ఒక పని చేయవచ్చును: నేటి రాత్రి ఇల్లాలికి అందరితోపాటు విస్తరి వేయుడు.